అమ్మమ్మ రాముడి అణా

సంక్రాంతి సెలవులకి ఊరెళ్తే మావయ్య గుమ్మంలోనే పట్టుకున్నాడు. "ఒరేయ్, నువ్వు పాత నాణేలు పోగేస్తావు కదా, ఇది చూడు" అంటూ దేవుడి గూట్లోంచి ఒక రాగి బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం. ఇంకోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818. దీనికి తొమ్మిది లక్షలిస్తామని ఎవరో ఫోన్ చేశారట. ముందుగా రిజిస్ట్రేషన్‌కీ ట్యాక్సుకీ పద్దెనిమిది వేలు కట్టాలట. మావయ్య దగ్గరున్నది వాళ్ళమ్మాయి ఫీజు డబ్బు. మర్నాడు పొద్దున్నే పంపేద్దామని చూస్తున్నాడు.

పాత నాణెం కనిపిస్తే అందరూ ముందు భూతద్దం వెతుకుతారు. నేను ముందు దానిమీద రాసింది చదువుతా. ఆ తేదీన, ఆ విలువతో, ఆ బొమ్మతో నాణెం ఉండే వీలుందా? కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రకం నాణేలు మొదలుపెట్టింది 1835లో. ఒక అణా నాణెం వాడుకలోకి వచ్చింది ఏడో ఎడ్వర్డ్ కాలంలో, అదీ రాగి-నికెల్ మిశ్రమంలో. రాముడి దర్బారుతో కంపెనీ చలామణీ నాణెం వెయ్యనే లేదు. ఇవి పూజకీ అమ్మకానికీ తర్వాత ఎవరెవరో వేసిన బిళ్ళలు. అసలు నాణెమంటూ ఉంటేనే కదా నకిలీ! దీనికి ఆ అసలే లేదు.

చరిత్ర సరిపోయినా మోసపోవచ్చు. ఫస్టియర్లో నేను రోడ్డు పక్కన మూడు వేలు పెట్టి 1939 వెండి రూపాయి కొన్నా. ఆ ఏడాది రూపాయి చాలా అరుదు. 1938ది మామూలుగానే దొరుకుతుంది కాబట్టి 8ని చెక్కి 9 చేసేవాళ్ళూ ఉన్నారు. నాది తూస్తే సరిగ్గా 11.66 గ్రాములు. ఎగిరి గంతేశా! మా సీనియర్ మాత్రం "నీళ్ళలో కూడా తూయరా" అన్నాడు. మన ఆర్కిమెడిస్సే. ఆ రూపాయిలో 91.7 శాతం వెండి, సాంద్రత సుమారు 10.3. దారంతో నీళ్ళలో వేలాడదీస్తే బరువు 1.13 గ్రాములు తగ్గాలి. నాది 1.34 తగ్గింది. అంటే సాంద్రత 8.7, జర్మన్ సిల్వర్ అన్నమాట. బరువు సరిపెట్టడానికి కాస్త మందంగా చేశారని అప్పుడు గమనించా.

అంచు కూడా చూడండి. అసలు నాణెం డైల మధ్య ఒత్తిడితో అచ్చవుతుంది. పోత పోసిన నకిలీకి తరచుగా సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటాయి.

ఎర్రర్ నాణేలకి ఒకటే ప్రశ్న: ఈ లోపం ప్రెస్సులో ఎలా పుడుతుంది? బిళ్ళ పక్కకి జరిగితే బొమ్మ ఒకవైపుకి పోతుంది. ముందు నాణెం డైకి అతుక్కుపోతే తర్వాతి బిళ్ళకి ఒకవైపు అదే బొమ్మ తిరగబడి, లోపలికి నొక్కుకుని వస్తుంది. ఇప్పటి మన రూపాయిని పైనా కిందా పట్టుకుని పేజీలా తిప్పితే రెండోవైపు కూడా నిటారుగా ఉండాలి. బాగా ఒరిగి ఉంటే డై తిరిగినట్టు. సుత్తి దెబ్బ, రైలుపట్టా మీద పెట్టి నలిపింది ఎర్రర్ కాదు, వట్టి డ్యామేజీ.

తెలియక అసలుని నకిలీ అనడమూ ఉంది. రూపాయి గుర్తు లేదని పది రూపాయల నాణెం తీసుకోని కొట్లు చూశాం కదా! ఆ గుర్తు నాణేల మీదకి వచ్చిందే 2011లో. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది.

ఆ రాత్రి మావయ్యకి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు ప్రకటన చూపించా. పాత నాణేలు కొంటామంటూ తమ పేరుతో ఫీజులు, ట్యాక్సులు అడిగేవాళ్ళని నమ్మొద్దని అందులో ఉంది. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ నంబర్ బ్లాక్ చేశాడు.

"అయితే దీనికి విలువ లేదంటావా?" అంది అమ్మమ్మ. అది వాళ్ళ అత్తగారిచ్చిందట. ఏం చెప్పాలో తోచలేదు. పాత నాణేలని తోమితే వాటి విలువ పడిపోతుందని ఎవరికైనా చెప్తుంటా. అమ్మమ్మతో మాత్రం, "దీన్ని చింతపండు పెట్టి ఎంతైనా తోముకో అమ్మమ్మా" అన్నా. నవ్వి, బొట్టు పెట్టి, మళ్ళీ గూట్లో పెట్టేసింది.