వకీలుతో పాటు సాక్ష్యమూ కావాలి

మన ఇళ్ళలో నికాహ్ జరిగేటప్పుడు వకీలు, ఆయన వెంట ఇద్దరు సాక్షులు పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి ఆమె అంగీకారం తెలుసుకుని వస్తారు. వకీలు అంటే ఒకరి పనిని వారి తరఫున నెరవేర్చే నమ్మకస్థుడని అర్థం. కోర్టులో నల్లకోటు వేసుకుని మన తరఫున నిలబడే మనిషికి కూడా ఆ పేరే వచ్చింది. ఆయనకు మనం సంతకం చేసి ఇచ్చే కాగితం వకాల్తునామా. అయితే నికాహ్‌లో వకీలు ఒక్కడే వెళితే సరిపోదు, సాక్షులు కూడా ఉండాలి. సెల్‌ఫోను, ఇంటర్నెట్ వల్ల వచ్చే కేసులలోనూ అంతే. ఎంత పేరున్న వకీలును పెట్టుకున్నా, సాక్ష్యం మన చేతులతో మనమే చెరిపేసుకుంటే ఆయన చేయగలిగింది చాలా తక్కువ.

ఈ బెడద ఎవరికో వచ్చేది, మనకు రాదులే అనుకోవడానికి లేదు. 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’ పేరుతోనూ, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరుతోనూ ముస్లిం స్త్రీల ఫొటోలను వారికి తెలియకుండా తీసుకుని ‘వేలం’ అంటూ ఇంటర్నెట్‌లో పెట్టారు. వారిలో విలేఖరులు, సామాజిక కార్యకర్తలు ఉన్నారు. మొదటి ఉదంతంలో ఆరు నెలల దాకా ఒక్క అరెస్టు కూడా జరగలేదు. అయినా ఆ సోదరీమణులు పట్టు విడువలేదు. రెండోసారి కూడా ముందుకొచ్చి ఫిర్యాదులు చేశారు. 2022 జనవరిలో ఢిల్లీ, ముంబయి పోలీసులు నిందితులను పట్టుకున్నారు. వారు సిగ్గుపడి మౌనంగా ఉండిపోయి ఉంటే ఆ అరెస్టులు జరిగేవి కావు.

ఇజ్జత్ భయం

ఇలాంటిదే మన ఇంటి ఆడపిల్లకు జరిగిందనుకుందాం. ఎవడో ఆమె ముఖాన్ని మరో ఫొటోకు అతికించి డబ్బు ఇమ్మని బెదిరిస్తున్నాడు. ఇంట్లో ముందుగా వచ్చే మాట ఇజ్జత్. తండ్రి కోపంతో ఫోను లాక్కుని అన్నీ చెరిపేస్తాడు. తల్లి ‘కిసీకో నక్కో బోల్’ అని నోరు మూయిస్తుంది. అన్న సిమ్‌కార్డు విరిచి పారేస్తాడు. ముగ్గురూ బిడ్డ మేలు కోరే చేశారు. కాని నేరస్థుడి మీద ఉన్న సాక్ష్యం ఆ గంటలోనే పోయింది. వాడు మాత్రం క్షేమంగా ఉన్నాడు, ఫొటో కూడా వాడి దగ్గరే ఉంది.

తప్పు చేసింది వాడు, బిడ్డ కాదు. ఈ మాట ఇంట్లో పెద్దలు ముందు ఆమెతో చెప్పాలి. ఆ తర్వాతే మిగతా పనులు.

మొదటి రోజు చేయవలసినవి

వచ్చిన ప్రతి సందేశాన్నీ తేదీ, సమయం, పంపిన నంబరు లేక ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. ఆ ఖాతా లింకు రాసి పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాకే వాడిని బ్లాక్ చేయాలి. అసలు ఫోనును అమ్మకూడదు, మార్చకూడదు, ఫార్మాట్ చేయించకూడదు.

స్క్రీన్‌షాట్ ఉంటే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఎలక్ట్రానిక్ ప్రతిని కోర్టులో చూపాలంటే చట్టం కోరే ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు ఫోనునే దాని యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే ఆ పత్రం అక్కరలేదని కూడా అదే తీర్పులో ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఈ పత్రానికి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. పాత ఫోను ఎంత విలువైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాకు మళ్ళేలోపు ఆపించగలిగితేనే దక్కే ఆశ ఉంటుంది. ఇతర నేరాలకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ, దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి వీలు లేదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. అసభ్యంగా మార్చిన ఫొటోల గురించి బాధితులు గానీ, వారి తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే ఆ ఇంటర్నెట్ సంస్థ 24 గంటలు దాటకుండా చర్య తీసుకోవాలని 2021లో వచ్చిన నియమాలే చెప్పాయి.

ఎలాంటి వకీలు?

మన దేశంలో ‘సైబర్ వకీలు’ అని వేరే లైసెన్సు లేదు. బార్ కౌన్సిల్‌లో నమోదైన ఏ న్యాయవాది అయినా ఈ కేసు తీసుకోవచ్చు. కనుక బోర్డు చూసి కాదు, ఆయన వేసే ప్రశ్నలు చూసి ఎంచుకోవాలి. ‘ఫోను ఎక్కడుంది? ఏమైనా చెరిపారా? ఏ తేదీన మొదలైంది?’ అని ముందుగా అడిగే వకీలుకు పని తెలుసు. ముందుగా ఫీజు గురించి మాట్లాడి, ‘గెలుపు నాది’ అనే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇలాంటి కేసులు ఇంతకుముందు నడిపారా, 63వ సెక్షన్ పత్రం ఎలా తయారు చేయిస్తారు అని మనమూ మర్యాదగా అడగవచ్చు. అందులో తప్పు లేదు.

ప్రకటనలతో కక్షిదారులను పిలుచుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. వచ్చిన సొమ్ములో వాటా అడగడం, గెలిస్తేనే ఫీజు అని ఒప్పందం చేసుకోవడం కూడా నిషిద్ధమే. పోయిన డబ్బు తెప్పిస్తామంటూ తమంతట తామే ఫోను చేసే ‘వకీళ్ళు’ చాలాసార్లు రెండోసారి దోచుకోవడానికి వచ్చినవారే.

ఖాళీలున్న వకాల్తునామా మీద సంతకం పెట్టవద్దు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. వకీలు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని 2000 సంవత్సరంలోనే ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకో ధైర్యం కూడా ఉంది. వృత్తిపరంగా మనం వకీలుతో చెప్పుకున్న మాటలను మన అనుమతి లేకుండా ఆయన బయటపెట్టరాదని చట్టమే చెబుతోంది. అది ఆయన దగ్గర మన అమానతు. కనుక ఆయన దగ్గర సగం చెప్పి సగం దాచవద్దు.

ఫీజు ఇచ్చుకోలేని వారికి కూడా దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయంలో అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

కేసు మన అబ్బాయి మీదే వస్తే

ఎవరో పంపిన వీడియోను మన కుర్రాడు పది గ్రూపులకు పంపాడు. పోలీసుల నోటీసు వచ్చింది. అప్పుడూ సూత్రం అదే: ఏదీ చెరపవద్దు, చెరిపితే కొత్త తప్పు మెడకు చుట్టుకుంటుంది. నోటీసు తీసుకుని వకీలు దగ్గరికి వెళ్ళాలి, చెప్పిన తేదీకి తప్పక హాజరు కావాలి. ఫోను స్వాధీనం చేసుకుంటే పంచనామా నకలు అడగాలి. ఏ సెక్షన్ పెట్టారో వకీలుతో చూపించుకోవాలి. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా దాని కింద కేసులు ఆగకపోవడంతో 2022లో మళ్ళీ ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. అయితే వర్గాల మధ్య ద్వేషం రేపే మాటలకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష ఉందన్నది పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ‘నేను రాయలేదు, పంపానంతే’ అన్న జవాబు కాపాడుతుందన్న నమ్మకం లేదు.

మసీదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కన 1930, 15100 అనే రెండు నంబర్లు రాసి పెట్టమని మస్జిద్ కమిటీల పెద్దలను కోరుతున్నాం. ఖర్చు లేని పని. ఆపద వచ్చిన రాత్రి ఏ ఇంట్లోనైనా అవి ఎవరికో ఒకరికి గుర్తుకు రావాలి.