తుపాకిలో ప్లాస్టిక్కు – మన్నిక మాట

తుపాకి అనగానే ఉక్కు గొట్టమూ, కొయ్య బట్టూ మన కన్నుల ముందు మెదలుతాయి. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులు ఏళ్ల తరబడి కవాతులలో భుజాన మోసినవి అటువంటివే. నేటి సైనికుని తుపాకిలో కొయ్య చాలావరకు కనుమరుగైంది. భుజానికి ఆనే బట్టు, చేతికి అందే పిడి, తూటాలుంచే మ్యాగజైను తరచుగా పాలిమరుతో చేసినవే. (పాఠకుల చేతనున్న ఈ మ్యాగజైనుకూ దానికీ పేరొక్కటే పోలిక!) శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి సైన్యంలో చేరే యువకులు ఎందరో ఉన్నారు. వారి ప్రాణానికి ఆధారమైన వస్తువులో ప్లాస్టిక్కు చేరినప్పుడు, అది ఎంతవరకు మన్నుతుందన్న ప్రశ్న మనకు పరాయిది కాదు.

కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వంగిన కొయ్య గొట్టాన్ని ఒరసికొన్నదంటే గురి తప్పినట్లే. అందుకే అవిసె నూనె పట్టించి దానిని కాపాడుకొనేవారు. 1959లో అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ కొయ్యకు బదులు నైలాన్ వాడి ‘నైలాన్ 66’ అనే చిన్న తుపాకిని విడుదల చేసింది. పెదవి విరిచినవారు లేకపోలేదు. అయినా అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

నైలాన్ మన తీరానికి కొత్తది కాదు. భావనపాడు, కళింగపట్నం మత్స్యకారుల వలలు దానితో నేసినవే. నూలు వల నీటిలో కుళ్లుతుంది; నైలాన్ వల కుళ్లదు. కాని ఎండలో పడి ఉంటే దాని దారం పెళుసెక్కుతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పదార్థపు అణుగొలుసులను తెంచివేయడమే ఇందుకు కారణం. తుపాకి భాగాలలో కార్బన్ బ్లాక్ అనే సన్నని మసిని కలుపుతారు. ఆ మసి కిరణాలను తాను పీల్చుకొని గొలుసులను కాపాడుతుంది. వాటి నలుపు కేవలం అలంకారం కాదన్న మాట.

ఇంతకంటె చిత్రమైనది నీటి సంగతి. నైలాన్ గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాల నడుమ నీటి అణువులు దూరి ఆ పట్టును సడలిస్తాయి. గాలిలో తేమ యాభై శాతం ఉన్నచోట నైలాన్ 66 తన బరువులో సుమారు 2.5 శాతం నీటిని పీలుస్తుంది. నీటిలోనే నానితే అది 8 శాతం దాటుతుంది. అప్పుడు బిగువు తగ్గుతుంది గాని దెబ్బకు ఓర్చే గుణం పెరుగుతుంది. మన ఉప్పుగాలి ఉక్కును తుప్పు పట్టిస్తుంది; అదే తేమ నైలానుకు మేలు చేస్తుంది! తగ్గిన బిగువును సరిచేయడానికి గాజు నారలు కలుపుతారు.

పొడి చలి దీనికి విరుద్ధం. 1999లో కార్గిల్ యుద్ధకాలంలో ఇన్సాస్ తుపాకుల పాలిమర్ మ్యాగజైనులు చలికి పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. (ఈ తుపాకులు తయారైన చోట్లలో ఒకటి బెంగాలులోని ఇషాపూర్, మన ఇచ్ఛాపురం కాదు.) గడ్డకట్టే చలిలో అణుగొలుసులు కదలలేవు. దెబ్బ తగిలినప్పుడు వంగి ఓర్చుకోవలసిన పదార్థం బీటలు వారుతుంది. ఉద్దానం కొబ్బరితోటల నుండి వెళ్లిన జవాను మంచుకొండపై తూటాలు నింపుకొంటున్న వేళ ఆ మ్యాగజైను పగిలితే ఏమగునో వేరే చెప్పనక్కరలేదు. సముద్రతీరంలో ఎన్నాళ్లు పరీక్షించినా ఈ లోపం బయటపడదు.

మరొక లోపం నిదానంగా పనిచేస్తుంది. పుస్తకాల బరువుకు ప్లాస్టిక్ అర నడుమ కుంగడం అందరమూ చూచినదే. దీనిని క్రీప్ అంటారు. నిండుగా తూటాలున్న మ్యాగజైనులో స్ప్రింగు పైఅంచులను నెలల తరబడి ఒత్తుతూనే ఉంటుంది. ఆ అంచులు కొద్దిగా విచ్చుకొంటే చాలు, తూటా సరియైన కోణంలో లేవక తుపాకి మొరాయిస్తుంది. కొన్ని మ్యాగజైనుల అంచులలో ఉక్కు రేకు పొదగడం ఇందుకే.

ఇన్ని చిక్కులున్నా పాలిమరును వదలకపోవడానికి ముఖ్యకారణం బరువు. 2024 జనవరిలో డి.ఆర్.డి.ఓ. పుణె ప్రయోగశాల, హైదరాబాదులోని ద్వీప ఆర్మర్ సంస్థ కలిసి రూపొందించిన ‘ఉగ్రం’ తుపాకిని ఆవిష్కరించారు. దాని బరువు నాలుగు కిలోల లోపే. కొండ ఎక్కే సైనికునికి ప్రతి వంద గ్రాములూ లెక్కే.

కొయ్య ఉబ్బితే కంటికి కనబడుతుంది. పాలిమరు విషయంలో మూలలు, వంపులు, మరలు దిగిన రంధ్రాల చుట్టూ తెల్లని చారలు వచ్చాయేమో పరికించాలి. పగులు మొదలయ్యేది తరచుగా అక్కడే.