మణికట్టు ఎముకకు అంటుకట్టుట

అండమాన్ దీవులలో మే నెల మొదలు డిసెంబరు వరకు వానలు విస్తారముగా కురియును. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరము గుట్టలపై నిర్మింపబడినది. గోల్ ఘర్ వంటి పేటలలో తడిసిన దారిపై కాలు జారినవారు నేలకు చేయి ఆనించి పడుట సహజము. మణికట్టు కొంచెము వాచి, కొన్ని దినములకు వాపు తీయును. బెణుకని తలచి, నూనె రాచి తోమించుకొని పనికి పోవుదురు. అట్టి బెణుకులలో కొన్ని నిజమునకు ఎముక విరుగుటయే.

మణికట్టునందు ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరియున్నవి. వీనిలో తరచుగా విరుగునది బొటనవ్రేలివైపున పడవ ఆకారమున నుండు స్కాఫాయిడ్ అను ఎముక. దీనికి రక్తము చాలవరకు వ్రేళ్లవైపు భాగమునుండి ప్రవేశించి, ముంజేతివైపునకు పారును. కాలువకు గండిపడినచో చివరి పొలము ఎండునట్లు, ఈ ఎముక నడుమ విరిగినచో ముంజేతివైపు తునకకు రక్తమందక అది నిర్జీవము కావచ్చును.

దీని ప్రక్కనే చంద్రవంకను పోలిన లూనేట్ ఎముక కలదు. విరుగకయే దీనికి రక్తము తగ్గి, క్రమముగా కుంగు వ్యాధి యొకటి కలదు. దానిని 1910లో వియన్నా నగరపు ఎక్స్‌రే వైద్యుడు రాబర్ట్ కీన్‌బాక్ వర్ణించెను.

అతుకని ఎముకకు అంటుకట్టుట నేటి చికిత్స. వైద్యుడు చెడిన భాగమును గోకి తీసి, రోగియొక్క తుంటి ఎముకనుండి గాని ముంజేతి ఎముకనుండి గాని కొంత ఎముకను గైకొని ఆ ఖాళీలో నింపును. చిన్న మరమేకుతో బిగించును. తీగకు పందిరివలె, క్రొత్త ఎముక అల్లుకొనుటకు ఈ అంటు ఆధారమగును. తునకలో రక్తము బొత్తిగా లేనిచో ఇది చాలకపోవచ్చును. అప్పుడు ముంజేతి ఎముక తునకను, దానిని పోషించు రక్తనాళముతో సహా మణికట్టునకు త్రిప్పి అమర్చుదురు. ఇట్టి పద్ధతి నొకదానిని 1991లో అర్జెంటీనా వైద్యుడు జైడెంబర్గ్, ఆయన సహచరులు ప్రకటించిరి.

శస్త్రచికిత్స పిమ్మట కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మూడు నెలల వరకు, కట్టు ఉంచవలసి యుండును. పొగత్రాగువారికి ఎముక అతుకుట ఆలస్యమగును. కొందరికి అతుకకయే పోవును. ఎముక కుంగి, కీలు అరిగిన పిదప అంటువలన ప్రయోజనముండదు. అప్పుడు కొన్ని ఎముకలను తొలగించుటయో, ఒకదానితో నొకటి కలుపుటయో జరుగును. నొప్పి తగ్గినను చేయి పూర్వమువలె వంగదు.

బొటనవ్రేలిని వెనుకకు చాచినపుడు దాని మొదట చిన్న గుంట కనబడును. పడిన పిదప ఆ గుంటలో నొక్కిన నొప్పి కలిగినచో మణికట్టును తోమింపరాదు. గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి ఈ దీవులకు ప్రధాన వైద్యాలయము. అచ్చట ఎముకల వైద్యునికి చూపవలయును. మొదటి ఎక్స్‌రేలో పగులు కానరాకపోవచ్చును. అంతమాత్రమున కట్టు విప్పివేయరాదు. పది పదునాలుగు దినములకు మరల ఎక్స్‌రే తీయించవలయును. సందేహము తీరనిచో ఎం.ఆర్.ఐ. పరీక్ష తోడ్పడును. శస్త్రచికిత్సకై ప్రధాన భూభాగమునకు పోవలసి వచ్చినను జాగుచేయరాదు.

వల లాగు జాలరికి, బరువులెత్తు కూలివానికి మణికట్టు పట్టే జీవనాధారము. కావున పడిన నాడే పరీక్ష చేయించుకొనుట మేలు.