అంచున పెన్సిల్ గీత

మా లండన్ ఇంటి హాల్లో ఒక విమానం వందేళ్లుగా పక్కకు ఒరిగే ఉంది. కింద పొలాలు గళ్ల దుప్పటిలా పరుచుకున్నాయి. 1917లో చిత్రకారుడు సి.ఆర్.డబ్ల్యూ. నెవిన్‌సన్ చేసిన లిథోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ) అది, పేరు ‘బ్యాంకింగ్ ఎట్ 4000 ఫీట్’. కొనడానికి రెండేళ్లు డబ్బు కూడబెట్టాను.

మొదటి ప్రపంచ యుద్ధాన్ని బొమ్మల్లోకెక్కించే పని బ్రిటన్ ప్రభుత్వం 1916లో మొదట చిత్రకారుడు మ్యూర్‌హెడ్ బోన్‌కు అప్పగించింది. మరుసటి ఏడాది పద్దెనిమిది మంది కళాకారులతో 66 లిథోగ్రాఫులు వేయించింది. నా బొమ్మ అందులోదే. అలాగని నెవిన్‌సన్‌ని ప్రభుత్వ భజనపరుడనుకోకండి. అంబులెన్సు సేవలో క్షతగాత్రులను దగ్గరగా చూసినవాడు. చనిపోయిన సైనికుల్ని చిత్రించిన ఆయన తైలచిత్రాన్ని చూపించొద్దన్నారు. 1918 ప్రదర్శనలో దాని మీద గోధుమరంగు కాగితం అడ్డంగా అంటించి, ‘సెన్సార్డ్’ అని రాసి మరీ వేలాడదీశాడు. ఆ ధైర్యమే నన్ను ఆయన దగ్గరికి లాక్కెళ్లింది.

ఇలాంటి అచ్చుబొమ్మలు కొనేటప్పుడు నేను ముందు బొమ్మ చూడను, కింది అంచు చూస్తాను. రాతి మీదే సంతకం చేసి ఉంటే అది ప్రతి ప్రతిలోనూ అచ్చవుతుంది. చేత్తో చేసిన పెన్సిల్ సంతకం వేరు: దీపాన్ని పక్కనుంచి పడనిస్తే గ్రాఫైట్ మెరుస్తుంది, కాగితంలో చిన్న నొక్కు కనబడుతుంది. ఫ్రేములో ఇమడలేదని అంచులు కత్తిరించిన ప్రతుల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నా బొమ్మను ఎండ తగలని గోడకు, ఆమ్లం లేని అట్టలో ఉంచాను. సాయంత్రం దీపం వెలిగించగానే ఆ సంతకం దగ్గరే కాసేపు నిలబడతాను.