బొటనవేలి కింద ప్లస్ గుర్తు

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం ఎలా ఉండాలని ఆటగాళ్లను అడిగితే కోరికల చిట్టా తెర దగ్గరే మొదలవుతుంది. ఓలెడ్ తెర కావాలి, చిప్ వేగంగా ఉండాలి, ఛార్జింగ్ రోజంతా నిలవాలి, ఇంతా చేసి బరువు ఉండకూడదు. బొటనవేలు గంటల తరబడి రుద్దే మీట మాత్రం చిట్టా అడుగున ఎక్కడో ఉంటుంది. దూకాల్సిన బొమ్మ గోతిలో పడ్డాక గానీ దాని ఊసు రాదు.

ఆ మీటకు ఇల్లు దొరికింది నింటెండో వారి ‘గేమ్ అండ్ వాచ్’లో. గున్‌పేయ్ యొకోయ్ 1980లో మొదలుపెట్టిన జేబు ఆటలవి. కాలిక్యులేటర్ల పుణ్యమా అని అప్పటికే చవకబడ్డ ఎల్‌సీడీ తెరలే వాటికి పెట్టుబడి. 1982లో ‘డాంకీ కాంగ్’ను అందులోకి దింపాల్సి వచ్చింది. ఆర్కేడ్‌లో ఆ ఆటకు జాయ్‌స్టిక్ ఉండేది. మధ్యకు మడిచి జేబులో వేసుకునే పెట్టెలో నిలువు కర్రకు చోటెక్కడ? నాలుగు దిక్కులకు నాలుగు బొత్తాలు పెట్టొచ్చు. మన బజార్లలో తిరిగిన బ్రిక్ గేమ్‌లో ఉన్నవి అవే. కానీ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వేలు ఎత్తి వేయాలి. కంగారులో వేలు తప్పుతుంది, చూపు తెర వదిలి కిందికి దిగుతుంది. యొకోయ్ నాలుగింటినీ కలిపి ఒకే ప్లస్ ముక్క చేసేశాడు.

దాని తెలివంతా పైకి కనిపించదు. పాడైన టీవీ రిమోట్‌ను ఎప్పుడైనా విప్పినవాళ్లకు లోపలి సరంజామా సగం పరిచయమే: మెత్తటి రబ్బరు పొర, దాని మీద చిన్న చిన్న బుడిపెలు, ఒక్కో బుడిపె లోపల నల్లటి కార్బన్ బిళ్ల, కింద సర్క్యూట్ బోర్డు మీద ఒకదానికొకటి తగలకుండా అల్లుకున్న గీతలు. నొక్కితే బుడిపె కుంగి, కార్బన్ ఆ గీతలను కలుపుతుంది, కరెంటు పారుతుంది. నింటెండో వారే తర్వాత తెచ్చిన గేమ్ బాయ్‌లో అయితే మెమరీలో ఆ బొత్తానికి కేటాయించిన చోట అప్పటిదాకా ఉన్న 1 కాస్తా 0 అవుతుంది. వేలు తీయగానే రబ్బరే మీటను పైకి నెడుతుంది. వేరే స్ప్రింగు అక్కర్లేదు.

అసలు కిటుకు ప్లస్ ముక్క అడుగున, సరిగ్గా నడుమ ఉండే ఉబ్బు. మీట మొత్తం దాని మీద ఊగుడుబల్లలా వాలుతుంది. ఎడమ చివర దిగితే కుడి చివర లేవక తప్పదు. కాబట్టి ఎడమ, కుడి ఒకేసారి నొక్కడం సాధ్యం కాదు. ప్లస్‌లోని రెండు చేతుల నడుమ నొక్కితే మాత్రం పక్కపక్కనున్న రెండు బిళ్లలూ తగిలి, ఐమూలగా కదలిక వస్తుంది. నాలుగు స్పర్శలతో ఎనిమిది దిక్కులన్నమాట! ఉబ్బు ఎత్తు కాస్త తగ్గినా మీట మొత్తంగా కుంగి, అడగని దిక్కులు పలుకుతాయి.

ఆట రాసేవాళ్లు ఈ ప్లాస్టిక్‌ను ఎంతగా నమ్ముకున్నారంటే, ‘జెల్డా 2’ ఆటను కంప్యూటర్‌లో, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ మీద పెట్టి, కీబోర్డుతో ఎడమ, కుడి కలిపి నొక్కితే కథానాయకుడు లింక్ అదుపు లేని వేగంతో దూసుకుపోతాడు. అలాంటి నొక్కుడు వస్తుందని ప్రోగ్రామ్ ఊహించలేదు.

ప్లస్ ముక్కకు అమెరికాలో పేటెంట్ 1987లో వచ్చింది. విచిత్రం, అందులో ఆవిష్కర్తగా ఉన్నది యొకోయ్ పేరు కాదు, ఇచిరో షిరాయ్ పేరు. పోటీదారులు ఇక చుట్టుదారి పట్టారు. సెగా తన చేతి యంత్రం గేమ్ గేర్‌లో గుండ్రటి బిళ్ల పెట్టి, దాని మీద ప్లస్ ఉబ్బెత్తుగా తేల్చింది. సోనీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో పైకి నాలుగు విడివిడి ముక్కలు కనిపిస్తాయి గానీ మూత తీస్తే లోపల ఒకటే ముక్క. ఈ దాగుడుమూతల్లో సోనీకే ఎక్కువ మార్కులు వేయాలి.

కోరికల చిట్టాలో పైనుండే బ్యాటరీ పోరు అందరికీ తెలిసిందే. 1989 నాటి గేమ్ బాయ్ తెరలో దీపమే లేదు, రంగుల్లేవు, అందుకే నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలు దాటేది. వెనక ఫ్లోరొసెంట్ దీపంతో, రంగులతో మెరిసిన గేమ్ గేర్ ఆరు సెల్స్‌ను మూడు నుంచి ఐదు గంటల్లో తాగేసేది. లెక్క నేటికీ మారలేదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో 40 వాట్-అవర్ల బ్యాటరీ ఉంది. చిప్ ఒక్కటే 15 వాట్లు లాగితే, తెర సంగతి వదిలేసినా మూడు గంటలు నిండవు.

మళ్లీ మీట దగ్గరికొస్తే, నింటెండోయే 2017లో స్విచ్ తెచ్చినప్పుడు ఎడమ వైపు ప్లస్‌ను వదిలేసి నాలుగు గుండ్రటి బొత్తాలు పెట్టింది. యంత్రం నుంచి ఊడదీస్తే ఆ సగమే ఇంకొకరి చేతిలో పూర్తి కంట్రోలర్ కావాలి మరి. సగాలు ఊడని స్విచ్ లైట్‌లో 2019లో ప్లస్ తిరిగొచ్చింది.

ఇప్పటి తలనొప్పి అనలాగ్ స్టిక్‌ది. చాలా స్టిక్కుల్లో కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. అరిగిందంటే, ఎవరూ ముట్టకపోయినా బొమ్మ నడుస్తుంది. విరుగుడు కొత్తదేం కాదు. ఎడ్విన్ హాల్ 1879లోనే పట్టుకున్న ప్రభావం ఆధారంగా, స్టిక్ కింద అయస్కాంతం పెట్టి, దాని క్షేత్రం మారడాన్ని సెన్సర్‌తో కొలిస్తే సరి. రాపిడి లేదు కనుక కొలిచే చోట అరుగుదలా లేదు. సెగా డ్రీమ్‌కాస్ట్ 1998లోనే ఈ పని చేసి చూపింది. లెనోవో వారి చేతి యంత్రం లీజియన్ గోలోకి అది వచ్చేసరికి 2023 అయింది.