పడమర చూడని సీటు

సూరత్‌లో ముస్లింల ఇల్లు కడుతుంటే, మరుగుదొడ్డిలో సీటు బిగించే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: పడమర ఎటు? మన వాస్తు పట్టింపులా అనిపిస్తుంది గానీ కారణం వేరు. కాలకృత్యాలప్పుడు కిబ్లాకి, అంటే మక్కాలోని కాబా ఉన్న వైపుకి, ముఖమూ పెట్టకూడదు, వీపూ పెట్టకూడదు. సూరత్, మక్కా రెండూ ఇంచుమించు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. అందుకే ఇక్కడ నమాజు పడమటికి, సీటు ఉత్తర దక్షిణాలకు.

తమాషా ఏమిటంటే, ఈ నియమం చెప్పిన హదీసులో, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునే ఉల్లేఖనంలో, ఆయన తూర్పుకో పడమరకో తిరగమన్నారని ఉంటుంది. అది మదీనాలో చెప్పిన మాట. అక్కడివాళ్లకు మక్కా దక్షిణాన ఉంది. ఆ మాటనే పట్టుకుని సూరత్‌లో పడమటికి తిరిగితే, ఏది వద్దన్నారో అదే చేసినట్టు! నాలుగు గోడల మధ్యయితే ఫరవాలేదని ఇస్లామిక్ న్యాయశాఖల్లో షాఫియీలు అంటారు. హనఫీలు అక్కడా ఒప్పుకోరు.

లోపలికి ఎడమకాలు ముందు, బయటికి కుడికాలు. కడుక్కోవడాన్ని ఇస్తింజా అంటారు. అది ఎడమచేత్తోనే, ఇందులో చెంబు వాడే మనకు కొత్తేమీ లేదు. కొత్తగా కనిపించేది బద్నా అనే ముక్కున్న చెంబు. వంచితే సన్నటి ధార పడుతుంది, చెయ్యి లోపల ముంచే పని లేదు, మిగిలిన నీళ్లు మైలపడవు. నీళ్లకు బదులు రాళ్లతోనూ తుడుచుకోవచ్చు, మూడుకు తగ్గకుండా. ఎముక, పేడ మాత్రం పనికిరావు.

అసలు పట్టింపంతా మూత్రపు చుక్క దగ్గర. బట్టమీద పడితే నమాజుకు చిక్కు. అందుకే చాలామంది కూర్చునే పోస్తారు, చుక్కలు ఆగేదాకా కాసేపు ఆగుతారు. ఇదంతా అయ్యాక నమాజుకు చేసే వజూ వేరు: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు కడిగి, తల తడిచేత్తో తుడిచి, పాదాలు కడగడం. ఇస్తింజా, వజూ ఒకటేననుకునేవాళ్లు మనలో ఎక్కువ.

నిలవనీళ్లలో, దారిలో, జనం కూర్చునే నీడలో మూత్రం పోయడమూ నిషిద్ధమే. ఈ నియమం ఏ మునిసిపాలిటీ గోడమీదైనా రాయదగ్గది.

మొగలుల కాలంలో మక్కా వెళ్లే హజ్ ఓడలు సూరత్ రేవునుంచి బయల్దేరేవి. యాత్రికుల కోసం 1644లో కట్టిన మొగల్ సరాయిలో ఇప్పుడు సూరత్ నగరపాలక కార్యాలయం నడుస్తోంది. ఓడెక్కాక మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి కదా, మరి వజూ ఎలా? సముద్రయానం చేసేవాళ్లు ప్రవక్తనే ఈ మాట అడిగారట. సముద్రపు నీరూ శుద్ధి చేసేదేనన్నారు. మంచినీళ్లు తాగడానికి అట్టేపెట్టుకుని, ఉప్పునీళ్లు చేదుకుంటే సరిపోతుంది.