ఓవెన్ లేని ప్రోటీన్ కుకీ డో: పిండి ముందే నిప్పు చూసి ఉండాలి

పొయ్యి వెలిగించకుండా, ఓవెన్‌తో పని లేకుండా తయారయ్యే ‘ప్రోటీన్ కుకీ డో’ భారతీయ వంటగదుల్లోకీ వచ్చి చేరింది. వ్యాయామశాలకు వెళ్లే యువతకు అది సాయంత్రపు చిరుతిండి. పిల్లలకు చాక్లెట్ ముక్కలు కలిసిన తీపి ముద్ద. తల్లిదండ్రులకు బిస్కెట్ల కంటే మేలనిపించే ప్రత్యామ్నాయం. అయితే ఈ పదార్థం పేరు చేసే వాగ్దానాలు రెండింటినీ కొంత పరిశీలించవలసి ఉంది. కాల్చనక్కరలేదన్నది మొదటిది, ప్రోటీన్ అన్నది రెండోది. మొదటిదాన్ని అక్షరాలా నమ్మితే ఆరోగ్యానికి ముప్పు; రెండోదాన్ని లెక్క చూడకుండా నమ్మితే జేబుకు చిల్లు.

‘డో’ అంటే తడిపి కలిపిన పిండి ముద్ద. గోధుమ పిండి, వెన్న, పంచదార, గుడ్డు, చాక్లెట్ ముక్కలు కలిపి, ఓవెన్‌లో పెట్టబోయే ముందు ఉండే దశ అది. అమెరికాలో 1930ల నాటి చాక్లెట్ చిప్ కుకీతో పాటే, గిన్నె అంచున మిగిలిన ఈ పచ్చి ముద్దను వేలితో తీసి నాకే అలవాటు కూడా పెరిగింది. బెన్ అండ్ జెర్రీస్ సంస్థ 1984లో వెర్మాంట్ రాష్ట్రంలోని తన దుకాణంలో దాన్ని ఐస్‌క్రీమ్‌లో కలిపి అమ్మడంతో, కుకీ కంటే ముద్దే రుచి అనుకునేవారికి ఒక అంగీకారముద్ర లభించినట్లయింది.

తెలుగువారికి పచ్చి పిండి ముద్ద కొత్తేమీ కాదు. నాగుల చవితికి పుట్ట దగ్గరా, శ్రీరామనవమికి వడపప్పు పక్కనా కనిపించే చలిమిడి అటువంటిదే. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో బెల్లం కలిపి, నైవేద్యం పెట్టి, చిన్న ముద్దగా అప్పటికప్పుడే తినేస్తారు. నిల్వ చేయదలచినప్పుడు మాత్రం పిండిని పాకంలో ఉడికించి పాకం చలిమిడి చేస్తారు. ఈ తేడాను పెద్దలు ఏ ప్రయోగశాలలోనూ నేర్చుకోలేదు. కుకీ డో విషయంలో నేడు ఆహార భద్రతా సంస్థలు చెబుతున్నదానికి అది చాలా దగ్గరగా ఉంది.

పచ్చి పిండిలో దాగిన ప్రమాదం

పచ్చి కుకీ ముద్ద హానికరమనగానే చాలామందికి గుడ్డు గుర్తుకొస్తుంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండే అవకాశం నిజమే. అందుకే ప్రోటీన్ కుకీ డో వంటకాలు గుడ్డును పూర్తిగా తప్పించాయి. గుడ్డు లేదు కాబట్టి భయం లేదనే భావన అక్కడే మొదలైంది. పిండి పొడిగా, తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ పచ్చి మాంసంతో పోల్చి చూడరు.

2009లో అమెరికాలో శీతలీకరించి అమ్మిన కుకీ ముద్దను పచ్చిగా తిన్నవారు ఇ.కోలి ఓ157 రకం బాక్టీరియా సోకి జబ్బుపడ్డారు. 30 రాష్ట్రాల్లో 70 మందికి పైగా బాధితులు బయటపడ్డారు. పిండిపై అనుమానం బలంగా ఉన్నా అప్పట్లో రుజువు కాలేదు. 2016లో ఆ సందేహం తీరింది. 24 రాష్ట్రాల్లో 63 మంది అస్వస్థులైన మరో ఉదంతంలో, బాధితుల ఇళ్ల నుంచి సేకరించిన గోధుమ పిండిలోనే ఇ.కోలి కనిపించింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. గోధుమ పొలంలో పండుతుంది. పశువుల పేడ, పక్షుల రెట్ట, కలుషితమైన నీరు గింజకు తగిలే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మర గింజను పొడి చేస్తుందే తప్ప బాక్టీరియాను చంపదు. పిండి అమ్మకం మొత్తం ఒక నమ్మకం మీద నడుస్తుంది: కొన్నవారు దాన్ని రొట్టెగానో పూరీగానో వండుకుంటారని. మన ఇళ్లలో అది వమ్ము కాదు. చపాతీ పెనం మీదకు వెళ్లి తీరుతుంది. కుకీ డో తయారుచేసేవారు ఆ చివరి మెట్టును దాటవేస్తున్నారు.

దీనికి విరుగుడుగా పిండిని మైక్రోవేవ్‌లో ఒకటి రెండు నిమిషాలు వేడిచేస్తే చాలని అనేక వంటకాలు సూచిస్తాయి. ఇంట్లో ఇలా శుద్ధి చేయవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టంగా చెబుతోంది. తడి పదార్థంలో తేలిగ్గా నశించే బాక్టీరియా, పొడి పిండిలో ఉన్నప్పుడు అదే వేడిని చాలాసేపు తట్టుకోగలదు. పైగా మైక్రోవేవ్‌లో పిండి ఒకచోట మాడుతుంది, మరోచోట గోరువెచ్చగానే ఉండిపోతుంది.

శనగపిండికీ ఇదే వర్తిస్తుంది. దానికి తోడు పచ్చి పప్పుల్లో మాంసకృత్తుల జీర్ణక్రియను అడ్డుకునే పదార్థాలుంటాయి. వేడి తగిలితే వాటి బలం తగ్గుతుంది. ప్రోటీన్ కోసం తినే పదార్థంలో ప్రోటీన్‌నే అరగనివ్వని పచ్చి శనగపిండి కలపడం ఏ విధంగానూ సమంజసం కాదు.

పుట్నాలు ఉండగా మైదా ఎందుకు

పచ్చి పిండిని శుద్ధి చేసే ప్రయత్నం మానుకొని, ముందే నిప్పు చూసిన దినుసును ఎంచుకోవడం ఉత్తమమైన మార్గం. సున్నుండలు చేసేవారు మినుములను ఎర్రగా, కమ్మని వాసన వచ్చేదాకా వేయించిన తర్వాతే విసురుతారు. నువ్వుల ఉండలకు, వేరుశనగ ఉండలకు కూడా వేయించడమే తొలి మెట్టు. గింజ దశలోనే వేడి పూర్తిగా తగలడం వల్ల, తర్వాత వచ్చే పిండిని నేరుగా తినవచ్చు. ఆ లెక్కన సున్నుండ కూడా ఓవెన్ అవసరం లేని ప్రోటీన్ ముద్దే; దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదంతే.

కుకీ డోకు అన్నిటికంటే అనువైనది పుట్నాల పప్పు. శనగలను వేడి ఇసుకలో వేయించి, పొట్టు తీసి అమ్మే ఈ పప్పు కరకరలాడుతుంది. మిక్సీలో మెత్తటి పొడి అవుతుంది, మైదాలాగే ముద్దకు వస్తుంది. 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది. దుకాణంలో శనగపిండి, పుట్నాల పొడి రెండూ పసుపుపచ్చగానే ఉంటాయి కనుక పొడిని కొనడం కంటే పప్పు కొని ఇంట్లో పొడి చేసుకోవడం క్షేమం. కొన్న పప్పును పొడి చేసే ముందు బాణలిలో మరోసారి వేడిచేస్తే మెత్తదనం పోతుంది, వాసనా పెరుగుతుంది.

తోడుగా ఓట్స్ వాడవచ్చు. అటుకుల్లా నొక్కిన రకం తయారీలోనే ఆవిరికి ఉడుకుతుంది. పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ధాన్యం పూడుస్తుంది. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు పూడుస్తుంది. అన్నంలో పప్పు కలుపుకునే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

వేరుశనగపప్పును ఎంచేటప్పుడు జాగ్రత్త అవసరం. నల్లబడిన, ముడుచుకుపోయిన, బూజు వాసన వచ్చే గింజలను ఏరి పారేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఇంట్లో వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

తయారీ విధానం

పదహారు చిన్న ఉండలకు 100 గ్రాముల పుట్నాల పప్పు, 50 గ్రాముల ఓట్స్, 75 గ్రాముల వేరుశనగపప్పు, గింజ తీసిన 100 గ్రాముల ఖర్జూరం, 30 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, 30 గ్రాముల డార్క్ చాక్లెట్ తరుగు కావాలి. చిటికెడు ఉప్పు తప్పనిసరి. అది లేకపోతే కుకీ రుచి రాదు. వెనిల్లా ఎసెన్స్ చుక్కలకు బదులు యాలకుల పొడి వేస్తే రుచి లడ్డూ వైపు మొగ్గుతుంది. అది ఎవరి ఇష్టం వారిది.

పుట్నాలను, ఓట్స్‌ను విడివిడిగా పొడిచేసి జల్లించాలి. జల్లెడ పట్టకపోతే తినేటప్పుడు రవ్వ తగులుతుంది. వేరుశనగపప్పును సన్నని మంట మీద వేయించి, పొట్టు ఊది, మిక్సీలో వేయాలి. మొదట పొడి అవుతుంది, తర్వాత గోడలకు అంటుకుంటుంది, ఆ పైన నూనె వదిలి జారుగా మారుతుంది. చాలామంది రెండో దశలోనే ఓపిక కోల్పోయి నూనె పోస్తారు, అవసరం లేదు. మిక్సీ వేడెక్కకుండా నిమిషానికోసారి ఆపి, అంచులు గీకి మళ్లీ తిప్పితే సరిపోతుంది. ఖర్జూరాన్ని వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీరు వంచేసి, మెత్తగా రుబ్బి ఇందులో కలపాలి.

పొడులు, పాలపొడి, ఉప్పు వేసి చేత్తో కలిపాక, కాచి చల్లార్చిన పాలను చెంచా చొప్పున చిలకరించాలి. రెండు మూడు చెంచాలు పడతాయి. ముద్ద కాస్త పొడిగా ఉందనిపించినప్పుడే ఆగి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయడం ముఖ్యం. పప్పు పొడి, ఓట్స్ పొడి తడిని నిదానంగా పీల్చుకుంటాయి. తొందరపడి పాలు పోస్తే మొదట బాగున్నట్టే ఉండి, తర్వాత జిగురుగా మారుతుంది. పిడికిట్లో నొక్కితే విరగకుండా, చేతికి అంటకుండా ఉండేదే సరైన పదును. ముద్ద చల్లబడ్డాకే చాక్లెట్ కలపాలి. వెచ్చగా ఉంటే కరిగి మొత్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నిమ్మకాయంత ఉండలు కట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడతాయి.

ఒక్కో ఉండలో ప్రోటీన్ ఎంత?

ఈ కొలతల్లో పుట్నాల నుంచి సుమారు 22 గ్రాములు, వేరుశనగ నుంచి 18, పాలపొడి నుంచి 10, ఓట్స్ నుంచి 6, మిగతావాటి నుంచి నాలుగైదు గ్రాముల ప్రోటీన్ వస్తుంది. మొత్తం 60 గ్రాముల పైచిలుకు. పదహారుతో భాగిస్తే ఉండకు దాదాపు 4 గ్రాములు, శక్తి 100 కేలరీలకు అటూ ఇటూ. ఉడికించిన కోడిగుడ్డు ఒక్కటి 6 గ్రాములు ఇస్తుంది, అదీ ఇంతకంటే తక్కువ కేలరీలతో.

ఇదే ముద్దలో పాలపొడి తీసేసి, ఒక చెంచాడు, అంటే 30 గ్రాముల వే ప్రోటీన్ పొడి వేస్తే ఏమవుతుంది? ఆ పొడిలో సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుందనుకుంటే, పాలపొడి కంటే అదనంగా వచ్చేది పద్నాలుగు గ్రాములు. పదహారు ఉండలకు పంచితే ఒక్కోదానికి గ్రాము కూడా పెరగదు. ఖరీదైన డబ్బా కొనడానికి ముందు ఈ భాగహారం చేసి చూడటం మంచిది.

రోజుకు కావలసినదెంత అన్నది తర్వాతి ప్రశ్న. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్‌ను రోజువారీ మోతాదుగా 2020లో సూచించింది. 60 కిలోల వ్యక్తికి అది 50 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు, గుడ్డు లేదా చేప ఉన్న భోజనంతో అది సమకూరుతుంది. ఇదే సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో, ప్రోటీన్ పొడుల్లో అదనపు చక్కెర, కృత్రిమ తీపి పదార్థాలు, సువాసన ద్రవ్యాలు ఉండవచ్చని, వాటిని నిత్యం వాడటం మంచిది కాదని హెచ్చరించింది.

అయినా వాడదలచినవారు గమనించవలసిన విషయం ఒకటుంది. వే పొడి మొదట ముద్దను జిగురుగా చేస్తుంది. రెండు రోజులు గడిచాక చుట్టూ ఉన్న తడిని లాక్కొని ఉండలను రాయిలా మారుస్తుంది. దుకాణంలో కొన్న ప్రోటీన్ బార్లు పాతబడితే గట్టిపడటానికి ముఖ్యకారణాల్లో ఇదొకటి. వేరుశనగ ముద్ద కొంచెం పెంచితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఖర్జూరంలోని తీపి సహజమైనదే అయినా చక్కెరే. మధుమేహం ఉన్నవారు ఒక ఉండతో ఆపాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ప్రోటీన్ పెంచే ముందు వైద్యుణ్ని అడగాలి. ఖర్జూరం బదులు తేనె వాడితే, ఏడాది నిండని పసివారికి పెట్టకూడదు. బడికి పంపేటప్పుడు, పంచుకు తినే పిల్లల్లో వేరుశనగ పడనివారు ఉన్నారేమో తెలుసుకోవాలి.

నిల్వ ఎంతకాలం

సున్నుండలు డబ్బాలో వారాలపాటు ఉంటాయి, ఎందుకంటే వాటిలో నెయ్యే తప్ప తడి లేదు. బాక్టీరియా, బూజు పెరగడానికి నీరు కావాలి. కుకీ డోలో పాలు, నానిన ఖర్జూరం ఉన్నాయి; అందువల్ల మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచరాదు. ఉడికించిన కాబూలీ శనగలతో చేసే రకానికి కూడా అంతే గడువు. ఫ్రీజర్‌లో నెలరోజులు ఉంచవచ్చు. తినడానికి పావుగంట ముందు బయట పెడితే చాలు.

వేసవిలో పిల్లల డబ్బాలో పెట్టాలనుకునేవారు పాలు పోయకుండా, నానబెట్టని మెత్తటి ఖర్జూరాన్నే రుబ్బి, రెండు చెంచాల కాచిన నెయ్యితో ఉండ కట్టడం మేలు. చాక్లెట్ మధ్యాహ్నానికి కరిగి చేతులకు అంటుతుంది కనుక దాని స్థానంలో వేయించిన జీడిపప్పు పలుకులు వేయవచ్చు.